రెండుసార్లు లాగితే

మా ఇంట్లో కంప్యూటర్ ముందుగదిలో, కిటికీ పక్కన బల్ల మీద ఉంటుంది. దాని వెనక గోడకి రౌటర్. రౌటర్ కింద, నేలకి జానెడు ఎత్తున, గోడలో బొటనవేలు పట్టేంత గొట్టం ఒకటి ఉంది. వీధిలోంచి భూమి కింద నడిచొచ్చే నెట్ తీగ ఆ గొట్టంలోంచే ఇంట్లోకి వస్తుంది. గొట్టం పెట్టింది మా నాన్న. ఆయన ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ లైన్‌మన్‌గా చేశాడు. ఇంట్లో ముగ్గురమే ఉంటాం. నాన్న, నేను, తొమ్మిదేళ్ళ నా కూతురు. ఆ బల్ల దగ్గర కూర్చుని నేను ఆసుపత్రి రిపోర్టులు టైపు చేస్తాను.

నాలుగు వారాల కింద నెట్ కంపెనీవాళ్ళు మా వీధిలో పాత లైను తీసేసి, అవే పాత గొట్టాల్లోంచి కొత్తది లాగారు. అప్పట్నించి పట్టుకుంది నాకు ఈ దరిద్రం. రౌటర్ మీద ఆకుపచ్చగా వెలిగే లైటు ఉన్నట్టుండి ఎర్రబడుతుంది. ఒకసారి అయిదు నిమిషాలు, ఇంకోసారి అరగంట. మళ్ళీ దానంతటదే ఆకుపచ్చ. పూర్తిగా చచ్చినా ఒక ఏడుపు ఏడ్చి ఊరుకుందును. చావదు, బతకనివ్వదు!

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా నాన్న పోలిక. కంపెనీకి ఫోన్ చేస్తే అవతల అమ్మాయి తేనె పూసినట్టు అడుగుతుంది, "మేడమ్, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేశారా?" అని. చేశానమ్మా. "కంప్యూటర్ రీస్టార్ట్ చేశారా?" చేశాను తల్లీ. "మరి ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తారా?" చెవిటివాడి ముందు శంఖం ఊదినా వాడు బుగ్గలు ఉబ్బడమైనా చూస్తాడు. ఈ పిల్లకి అదీ లేదు.

చివరికి నేనే దిగాను. నాన్న పాత సూత్రం ఒకటుంది. "తప్పు దొరకాలంటే ఒక్కోటీ పక్కకి తీసెయ్యాలమ్మా. ఆఖరున మిగిలిందే దొంగ." రౌటర్ నుంచి కంప్యూటర్‌కి వచ్చే కేబుల్ మార్చాను. మారలేదు. స్నేహితురాలి ల్యాప్‌టాప్ తెచ్చి పెట్టాను. మారలేదు. గొంతు చించుకుని రౌటరే మార్పించాను. లాభం లేదు. పాప పాత నోట్సు వెనక పేజీల్లో, లైటు ఎప్పుడు ఎర్రబడుతోందో, ఎప్పుడు బాగవుతోందో టైము రాయడం మొదలుపెట్టాను. పొద్దున్న పాప బడికి వెళ్ళేదాకా ఏమీ ఉండదు. తొమ్మిది దాటాక మొదలవుతుంది. సాయంత్రం నాలుగున్నరకి ఆగిపోతుంది. ఆదివారం అసలు పోదు. ఆ పేజీ ఫోటో తీసి పంపిస్తే కంపెనీ అమ్మాయి, "పగటిపూట ఆఫీసుల వాడకం ఎక్కువ కదా మేడమ్" అంది. నేనూ అదే అనుకున్నాను.

అసలే నా ఒళ్ళు మండుతుంటే, పాపకి ఓ కొత్త పాడలవాటు పట్టుకుంది. పళ్ళు తోముకోవడం ఎడం చేత్తో, తినడం ఎడం చేత్తో. కుడిచెయ్యి గుప్పిట మూసి ఒళ్ళో పెట్టుకుంటుంది. "ఆ చేతికేమైందే, అంత భద్రంగా దాచుకున్నావ్?" అని అరిస్తే నవ్వుతుంది. రెండు తగిలించాను కూడా. మానలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నెట్ పోతే నాకు పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు. పాప.

పాప ఎవరి దగ్గర ఉండాలన్నది కోర్టులో నడుస్తోంది. కోర్టు పక్క ఊళ్ళో కూడా కాదు, రాత్రంతా రైల్లో వెళ్ళాలి. అందుకని వీడియోలోనే విచారణ. పాప ఉండే ఇల్లు, పడుకునే గది చూపించాలి కాబట్టి ఇంట్లోంచే మాట్లాడమన్నారు. మా ఇల్లు రెండు పెద్ద భవంతుల మధ్య నలిగిపోయి ఉంటుంది. ఫోన్‌లో మాట వినపడితే గొప్ప, వీడియో మాట దేవుడెరుగు. క్రితంసారి విచారణ మధ్యలో లైటు ఎర్రబడింది. మళ్ళీ వచ్చేసరికి అంతా అయిపోయింది. 'తల్లి మధ్యలోనే వెళ్ళిపోయింది' అని రాసుకున్నారట. నా మాజీ మొగుడు జడ్జిగారితో, "ఒక నెట్ కనెక్షన్ నిలబెట్టుకోలేని మనిషి పిల్లని ఏం నిలబెడుతుందండీ?" అన్నాడట. ఆ మాట విన్న రోజు నేను గిన్నె విసిరేస్తే వంటింటి తలుపు సొట్టపోయింది.

ఈసారి గురువారం సాయంత్రం నాలుగు గంటలకి. ఇదే ఆఖరు. మళ్ళీ తెగితే వాడు చెప్పిందే విని ఉత్తర్వు ఇచ్చేస్తారు.

గురువారం మధ్యాహ్నం రెండింటికి కంపెనీ మెకానిక్ వచ్చాడు. మబ్బు కమ్మి, ముందుగదిలో పగలే లైటు వేసుకోవాల్సి వచ్చింది. అతను రౌటర్ దగ్గర మీటరు పెట్టి చూసి, వీధి చివర పెట్టె దాకా వెళ్ళి, తల గోక్కుంటూ తిరిగొచ్చాడు.

"మేడమ్, వీధి పెట్టె దగ్గర మీ తీగ మూడు చుట్లు అదనంగా వదిలి వెళ్ళాను నేను. ఇప్పుడు ఒక్క చుట్టూ లేదు. మీరేమైనా ఇటు లాగారా?"

"నేను లాగితే ఇక్కడ కనపడదా? చూడు, ఎక్కడుంది?"

అతను గొట్టం దగ్గర వంగి చూశాడు. ఇవతల మూరెడు తీగే ఉంది. "అయితే మధ్యలోకి పోయినట్టుంది," అన్నాడు.

"మధ్యలోకి అంటే?"

"అదే... భూమిలోకి." అతనికే ఆ మాట నచ్చినట్టు లేదు. సంతకం పెట్టించుకుని గబగబా బండెక్కాడు. వీధి మలుపు తిరిగాడో లేదో, రౌటర్ మీద లైటు ఎర్రబడింది.

మూడుంపావు అయింది. మూడున్నర అయింది. ఎరుపే. ఆఫ్ చేసి ఆన్ చేశాను, ఆ అమ్మాయి చెప్పినట్టే, బుద్ధిగా. ఎరుపు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేల మీద కూలబడి గొట్టంలోకి చూశాను. లోపలి నుంచి వాసన వచ్చింది. తడిమట్టి, తుప్పు, ఎన్నాళ్ళనుంచో కదలని నీళ్ళు. వాన ఇంకా మొదలవలేదు.

"నీయమ్మ కడుపు కాలా!" అని తిట్టి, తీగని పట్టుకుని గట్టిగా గుంజాను. రెండుసార్లు.

తీగ బిగిసింది.

తర్వాత... అవతలి నుంచి లాగారు.

ఒకటి. రెండు.

నేను కదల్లేదు. ఎలకేమో అనుకున్నాను. ఎలక లెక్క పెడుతుందా? మళ్ళీ రెండు లాగాను. మళ్ళీ రెండు వచ్చాయి. తాపీగా. చేతిలో చెయ్యి వేసినంత స్పష్టంగా.

రౌటర్ మీద లైటు ఆకుపచ్చగా మారింది.

"నాన్నా..." అన్నాను.

నాన్న మంచం మీద నుంచి లేచి కర్ర పట్టుకుని వచ్చాడు. తీగ నా చేతిలో మూడోసారి కదలడం ఆయన చూశాడు.

"వదలకు," అన్నాడు గుసగుసగా. "వదలకమ్మా. వాడు ఒకటి లాగేదాకా వదలకూడదు."

ఆ లెక్క నాకూ తెలుసు. చిన్నప్పుడు నాన్న నాకు నేర్పిన ఆట అది. లైన్‌మన్లు జంటగా పని చేసేవాళ్ళు, తీగకి ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు. ఒకరి మాట ఒకరికి వినపడదు కాబట్టి తీగతోనే మాటలు. రెండు లాగితే 'ఉన్నావా?' అని. తిరిగి రెండు లాగితే 'ఉన్నాను'. మూడు లాగితే 'నన్ను బయటికి లాగు'. నిదానంగా ఒక్కటి లాగితే 'అయిపోయింది, వదిలెయ్'. 'ఉన్నాను' అన్నవాడు, అవతలివాడు 'వదిలెయ్' అనేదాకా తీగ వదలకూడదు. అది వాళ్ళ నియమం.

"ఎవరు నాన్నా అది?"

"పొట్టోడు."

పొట్టి మావయ్య నాన్న జంట మనిషి. నాకు ఆరేళ్ళప్పుడు పోయాడు. జ్వరంతో పోయాడని చెప్పారు.

"జ్వరం కాదు," అన్నాడు నాన్న. ఆయన నా పక్కన నేల మీద కూర్చున్నాడు. "మన వీధి చివర భూమిలో గది ఉండేది, లైన్లు కలిపే గది. పొట్టివాడు కదా, ఎప్పుడూ వాడే దిగేవాడు. ఆ రోజు పొద్దుట్నుంచీ నాకూ వాడికీ పడలేదు. దిగుతూ ఏదో మాట అన్నాడు. ఏమన్నాడో కూడా గుర్తు లేదు. నాకు కోపం వచ్చింది. పైనున్నవాణ్ణి... తీగ అక్కడ పడేసి టీ తాగడానికి పోయాను."

"నాన్నా!"

"నీళ్ళ గొట్టం పగిలింది. గది నిండిపోయింది. నేను వచ్చేసరికి..." ఆయన తన గుప్పిట బిగించి చూపించాడు. "తీగ గుప్పిట్లోనే ఉంది వాడికి. ఎన్నిసార్లు లాగాడో."

ఆయన మీద జాలి పడాల్సిందేమో. నాకు జాలి రాలేదు. ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది. "ముప్ఫై నాలుగేళ్ళు జ్వరం, జ్వరం అని కథ చెప్పావా? నువ్వు చేసిన పనికి నా పిల్ల పోవాలా ఇప్పుడు? టైమెంతయిందో చూశావా?"

మూడు యాభై రెండు. తీగ పట్టుకుని ఉన్నంతసేపూ ఆకుపచ్చ. ఒక్క క్షణం వదిలి చూశాను. ఎరుపు. మళ్ళీ పట్టుకుని రెండు లాగాను. ఆకుపచ్చ.

నాన్న నా చేతిలోంచి తీగ తీసుకున్నాడు. మణికట్టు చుట్టూ ఒక మెలిక వేసి, పాత పనివాడిలా కాలు గోడకి తన్నిపెట్టి కూర్చున్నాడు.

"నువ్వెళ్ళి మాట్లాడుకో. ఈసారి వదలను," అన్నాడు. అది నాతో అన్నాడో, గొట్టంతో అన్నాడో తెలీదు.

నాలుగు గంటలకి జడ్జిగారి మొహం తెర మీదకి వచ్చింది. పక్క గడిలో నా మాజీ మొగుడు, టై కట్టుకుని, నీతిమంతుడి మొహం పెట్టుకుని. నేను మాట్లాడాను. ఏం మాట్లాడానో సగం గుర్తు లేదు. చెవులు రెండూ బల్ల కిందే ఉన్నాయి. తీగ గొట్టం అంచుకి రాసుకుంటున్న చప్పుడు. స్ర్... స్ర్... రెండేసి. నాన్న గొణుగుడు. "ఉన్నానురా... ఇక్కడే ఉన్నానురా..." ఓసారి వరసగా మూడు వచ్చాయి. నాన్న ఏడుస్తున్నట్టు వినపడింది. కిందకి వంగి చూడలేదు నేను. కంప్యూటర్‌కున్న చిన్న కెమెరా చేత్తో పట్టుకుని, దాని తీగ సాగినంత మేర పక్కగది గుమ్మం దాకా వెళ్ళి పాప మంచం, పుస్తకాలు, గోడ మీద అతికించిన బొమ్మలు చూపించాను. జడ్జిగారు, "మీరు ఈ ఇంట్లోనే ఉంటారా, మారే ఆలోచన ఏమైనా ఉందా?" అని అడిగారు.

"మారం సార్. పాప పెళ్ళీడుకొచ్చేదాకా ఇక్కడే. కావాలంటే రాసిస్తాను," అన్నాను.

రాసుకున్నారు. పాప తల్లి దగ్గరే ఉండాలన్నారు. పద్దెనిమిదేళ్ళు నిండేదాకా ఇదే ఇంట్లో ఉంచాలి, కోర్టు అనుమతి లేకుండా ఇల్లు మారిస్తే ఉత్తర్వు చెల్లదు అన్నారు. నా మాజీ మొగుడు నోరు తెరిచేలోపు తెర ఆగింది. ఆపింది ఆయనే, జడ్జిగారు. లైటు మాత్రం ఆకుపచ్చగానే ఉంది.

అప్పుడు నాన్న "హా..." అన్నాడు.

వంగి చూస్తే ఆయన చేతిలో తీగ వదులుగా వేలాడుతోంది. చెంపలు తడి. "ఒకటి లాగాడే. నిదానంగా. వదిలెయ్ అన్నాడు. నన్ను వదిలేశాడమ్మా!"

మణికట్టు మీద మెలిక విప్పి తీగని నేల మీద పెట్టాడు. ఇద్దరం లైటు వైపు చూశాం. ఎవరూ పట్టుకోలేదు. ఆకుపచ్చ. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. నాన్న భుజం మీద గట్టిగా ఒక్కటి చరిచాను, కోపంతోనే. అదే సమయానికి వీధి గేటు కిర్రుమంది. నాలుగు ముప్ఫై. పాప బడి నుంచి వచ్చింది.

ఎత్తుకుని గిరగిరా తిప్పాను దాన్ని. "నువ్వు నా దగ్గరే ఉంటావే! ఎవ్వరూ తీసుకెళ్ళలేరు!" అన్నాను. అది నవ్వింది. కుడిచెయ్యి గుప్పిట మూసే ఉంది.

"తాతయ్యా, నువ్వెందుకు పట్టుకున్నావు?" అంది. "నేను పట్టుకున్నాగా."

నేను దాన్ని కిందకి దింపాను.

"ఏం పట్టుకున్నావే?"

"తీగ. కొత్త తీగ వేసిన రోజు గొట్టంలోంచి రెండు లాగాడు. తాతయ్య ఆటలోలాగా. నేనూ రెండు లాగాను, ఉన్నానని. ఇంకా ఒకటి లాగలేదమ్మా, అందుకే వదల్లేదు." గుప్పిట విప్పి చూపించింది. ఏమీ లేదు. అరచేతిలో అడ్డంగా, సన్నగా, ఎర్రగా ఒక గీత. మళ్ళీ మూసేసింది. "బళ్ళోనే కష్టం. రాసేటప్పుడు వదలాలి కదా. అప్పుడు వాడికి కోపమొస్తుంది. ఇవాళ మధ్యాహ్నమంతా పరీక్ష."

నాన్న గోడకి చేరగిలబడ్డాడు. నేను నోట్సు తీశాను. దాని బడి టైంటేబుల్ వంటింటి తలుపుకి అంటించి ఉంది, సొట్ట పక్కనే. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. లెక్కలు, ఎరుపు. డిక్టేషన్, ఎరుపు. ఆటలు, ఆకుపచ్చ. పాటలు, ఆకుపచ్చ. భోజనం బెల్లు, ఆకుపచ్చ. నాలుగు వారాల పొడుగునా ఒక్క గడి తప్పలేదు. ఒక్కోటీ పక్కకి తీసెయ్యి, ఆఖరున మిగిలిందే దొంగ అన్నాడు కదా మా నాన్న. మిగిలింది నా పిల్ల.

ఆ సాయంత్రమే పటకారు తెచ్చి తీగ పుటుక్కున కోసేశాను. పాప కెవ్వుమని కేక పెట్టింది. కుడిచెయ్యి పట్టుకుని నేల మీద దొర్లింది. ఏ చేత్తో కోశానో ఆ చేత్తోనే, ఏడుస్తూ, తిట్టుకుంటూ, ఆ రెండు కొసలూ మళ్ళీ కలిపాను. నాన్న పక్కన కూర్చుని ఎలా కలపాలో చెప్పాడు. లైటు వెలిగాక పాప ఊరుకుంది. ఇల్లు మారదామంటే ఉత్తర్వు అడ్డం. నా నోటితో నేనే అడిగి రాయించుకున్నాను. తవ్వుకున్న గోతిలో నేనే పడ్డాను, పిల్లని చంకనెత్తుకుని మరీ.

రోజూ పాప బడికి వెళ్ళాక గొట్టం దగ్గర కూర్చుని రెండు లాగుతాను. "ఒరేయ్ పొట్టోడా, నీ పగ మా నాన్న మీద కదరా! పసిదాన్ని వదిలెయ్యి, నన్ను పట్టుకో!" అని గొట్టంలోకి అరుస్తాను. నాన్న కూడా లాగుతాడు. మాకెవ్వరికీ జవాబు రాదు. నాన్నతో నేను మాట్లాడి నెల దాటింది.

నెట్ ఇప్పుడు అసలు పోవడం లేదు. పాప ఎడం చేత్తో రాయడం నేర్చేసుకుంది. అక్షరాలు గుండ్రంగా, చక్కగా వస్తున్నాయని టీచరు మెచ్చుకుంది కూడా. కంపెనీ అమ్మాయి ఫోన్ చేసి, "సమస్య తీరింది కదా మేడమ్, మా సేవకి పదికి ఎన్ని మార్కులు ఇస్తారు?" అని అడిగితే, ఫోన్ గోడకేసి కొట్టాను.

మొన్న ఊడుస్తుంటే రౌటర్ కింద తీగ ఒక చుట్టు ఎక్కువ కనపడింది. నిన్నటికి మూడు చుట్లయ్యాయి. మెకానిక్ వదిలినవి ఆ మూడే కదా అని సర్దిచెప్పుకున్నాను. ఇవాళ పొద్దున్న చూస్తే అయిదు. ఆ చివరి రెండూ తడిగా ఉన్నాయి, బురద అంటుకుని.

పాప బల్ల దగ్గర కూర్చుని ఎడం చేత్తో పాలు తాగుతోంది.

"అమ్మా, వాడు మూడేసి లాగుతున్నాడు," అంది. "మూడంటే బయటికి లాగమనేగా? రోజూ కొంచెం కొంచెం లాగుతున్నా. బరువున్నాడు."

గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకుంది.

"ఇవాళ దగ్గరికి వచ్చేశాడు."